సిరా బాబాయ్ బొటనవేలు

అచ్చాఫీసులో చేతులు రెండు రకాలు. కాగితం దగ్గర పనిచేసేవాళ్ళ చేతులు పొడిబారి, వేళ్ళ చివర సన్నటి కోతలతో ఉంటాయి. యంత్రం దగ్గర పనిచేసేవాళ్ళ చేతుల్ని జిడ్డూ నలుపూ ఓ పట్టాన వదలవు. సిరా బాబాయ్‌వి రెండో రకం. అదే ఆఫీసులో బైండింగ్ బల్ల దగ్గర మడతలు పెట్టే ఆయన భార్యవి మొదటి రకం. పెళ్ళైన కొత్తలో దిండు గలీబుల మీదా, తలుపు గడియల మీదా, ఆఖరికి సబ్బు మీద కూడా ఆయన వేలిముద్రలు చూసి, "మా ఇంట్లో దొంగతనం జరిగితే పోలీసులు మా ఆయన్నే పట్టుకుపోతారు" అని నవ్వేది. బాబాయ్ అని మొదట ఎవరు పిలిచారో, దాని ముందు సిరా ఎవరు తగిలించారో ఎవరికీ గుర్తులేదు. యాభై దాటాక ఆ పిలుపు కాస్త గౌరవంగా కూడా వినిపించసాగింది.

ఆ ఆఫీసులో అచ్చయ్యేవి ఎక్కువగా మందుపెట్టెల్లో మడిచిపెట్టే కాగితాలు. చీమతలకాయంత అక్షరాలు, రెండు వైపులా. ఎన్ని రకాల వికారాలూ దద్దుర్లూ తలతిరుగుళ్ళూ బాబాయ్ యంత్రం మీదుగా లోకంలోకి వెళ్ళాయో లెక్కలేదు. వాటిలో ఒక్కటి కూడా ఆయన చదివిన పాపాన పోలేదు. చదవడం రాక కాదు. యంత్రం దగ్గర నిలబడ్డ మనిషి అక్షరాన్ని చూసే తీరే వేరు. సున్నా లోపల సిరా నిండిపోయిందా, తలకట్టు విరిగిందా, వరుస వెంట్రుకవాసి పక్కకి జరిగిందా అని చూస్తాడు. ఆ అక్షరం ఏం చెబుతోందన్నది చదివేవాడి గొడవ.

ఈ పనిలో కన్ను ఎంతో బొటనవేలూ అంతే. కాగితాల దొంతరని యంత్రంలో పెట్టే ముందు రెండు చేతులతో పట్టుకుని, బొటనవేళ్ళతో అంచు వంచి, విసనకర్రలా విప్పి, మధ్యలో గాలి ఆడేట్టు చెయ్యాలి. లేకపోతే రెండు షీట్లు ఒకదానికొకటి అతుక్కుని లోపలికి పోతాయి. అతుక్కున్నాయా లేదా, కాగితం చెమ్మ పట్టిందా, ఈ కట్ట మందమూ నిన్నటి కట్ట మందమూ ఒకటేనా అనేది కంటికి అందదు. కుడి బొటనవేలికి అందుతుంది. "వీడి వేలికి చెవులున్నాయి" అనేవాడు పాత ఫోర్‌మన్, మెచ్చుకోలు కింద.

ఆ వేలి గోరు మీదే మొదట పెన్సిల్ గీతంత సన్నటి నల్లచార కనిపించింది. ఎప్పుడో ఎవరూ చెప్పలేరు, ఆయనతో సహా. సాయంత్రం కిరోసిన్ గుడ్డతో చేతులు తుడుచుకునేటప్పుడు ఆ చార పోలేదు. మర్నాడు ఇంకాస్త గట్టిగా రుద్దాడు. తర్వాత పాత పళ్ళ బ్రష్ ఒకటి అందుకోసమే పక్కన పెట్టుకున్నాడు. చార పోకపోగా వెడల్పైంది. "లోపలికి పట్టేసింది" అనుకుని వదిలేశాడు. తోటి యంత్రం మనుషులు చూస్తే వాళ్ళూ అదే మాట అన్నారు. అన్ని గోళ్ళూ నల్లగా ఉన్నచోట ఒక నల్లగోరు ఎవరి కంట పడుతుంది? మెకానిక్కులూ, అద్దకంవాళ్ళూ, బూట్లకి రంగేసేవాళ్ళూ ఏ దేశంలోనైనా ఇంతే. పని వాళ్ళ ఒంటి మీద మచ్చలు వేస్తూనే ఉంటుంది. అందులో ఏది పని వేసిందో, ఏది ఒళ్ళు వేసిందో వేరుచేసి చూసుకోవాలన్న ఆలోచన రాదు.

అలా ఇంకెంత కాలం సాగేదో గానీ, యంత్రంలో ఒక పెద్ద పళ్ళచక్రం విరిగింది. కొత్తది ఎక్కడో తయారై ఓడెక్కి రావాలి. యజమాని తల పట్టుకున్నాడు. బాబాయ్ ఇంటిపట్టున కూర్చున్నాడు. వారాలు గడిచేకొద్దీ ఆయన చేతులు తెల్లబడ్డాయి. అరచేతుల్లో గీతలు బయటపడ్డాయి. ఓ పొద్దున పేపరు పట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్న భర్తని భార్య కాసేపు అలాగే చూసింది.

"ఏవండీ, ఆ చెయ్యి ఇలా తెండి."

"ఎందుకు, ఉంగరం తొడుగుతావా?"

"ఈ వయసులో ఉంగరమొకటే తక్కువ. తెండి ముందు." వెలుతురులో పెట్టి చూసింది. "మిగతావన్నీ తెల్లబడ్డాయి. ఇదొక్కటీ మీకు చెప్పకుండా పనికి వెళ్ళొస్తోందా?"

"లోపలికి పట్టేసిందే. గోరు పెరిగితే అదే పోతుంది."

"గోరు పెరుగుతుంటే మచ్చ ముందుకి జరగాలిగా? గోరు మొదలు దగ్గరే ఇంకా వెడల్పుగా ఉందేంటి? ఇదిగో, గోరు దాటి చర్మం మీదకి కూడా వచ్చింది."

"నువ్వు కాగితాలు మడిచినట్టు నా వేలు మడిచేస్తున్నావ్. వదులు."

వదల్లేదు. ఇంట్లో ఊరికే కూర్చుని కాళ్ళు పీకుతున్నాయి కాబట్టి సరే, ఓ రోజు గడుస్తుందని ఆవిడతో డాక్టరు దగ్గరికి బయల్దేరాడు. అంతకు మించి ఆయన మనసులో ఏమీ లేదు.

చర్మం డాక్టరమ్మ ఒక చిన్న భూతద్దం తీసి గోరు మీద ఆనించింది. అది చూడగానే బాబాయ్‌కి ప్రాణం లేచొచ్చింది. అచ్చాఫీసులో రంగు చుక్కలు సరిగ్గా పడ్డాయో లేదో చూసే అద్దం కూడా అచ్చం అలాంటిదే.

"ఎన్ని రెట్లు పెద్దగా కనిపిస్తుందండీ?"

"పది."

"మాదీ పదే."

ఆవిడ నవ్వింది గానీ అద్దం మీంచి కన్ను తియ్యలేదు. "సిరా అయితే గోరు పైన ఉంటుంది బాబాయ్ గారూ. ఇది గోరు అడుగున పుడుతోంది. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుదాం."

మొద్దుబారడానికి సూదిమందు ఇచ్చి, గోరు మొదట్లోంచి ముక్క తీశారు. ఫలితం వచ్చాక పెద్దాసుపత్రికి రమ్మన్నారు. అక్కడ ఆపరేషన్లు చేసే డాక్టరు, పొడుగాటి మనిషి, మాటల్లో మాత్రం పొదుపు, విషయం చెప్పాడు. గోరు కింద మెలనోమా. అది కాన్సరే. మామూలుగా చేసేది, బొటనవేలి చివరి కణుపు దాకా తీసెయ్యడం. చంకలో ఒక గ్రంథి తీసి అక్కడికి పాకిందేమో చూడటం.

"కుడి చేతిదా?" అన్నాడు బాబాయ్, వేలు తన ఒంటిదే అయినా.

"కుడి చేతిదే." డాక్టరు రిపోర్టు మడిచి పక్కన పెట్టాడు. "ఇంకో దారి కూడా ఉంది, అయితే అది పరిశోధన. తొందరపడి ఇప్పుడే ఏమీ చెప్పకండి. పక్క గదిలో మా రిసెర్చ్ నర్సు ఉంటుంది. ఆవిడ వివరంగా చెబుతుంది."

పక్క గది అంటే బీరువాల మధ్య ఇరికించిన ఒక బల్ల, మూడు కుర్చీలు. నర్సమ్మాయికి ముప్పై దాటి ఉండవు. దంపతులిద్దర్నీ కూర్చోబెట్టి, కుట్లు వేసిన కాగితాల దొంతర ఒకటి ముందు పెట్టింది. బాబాయ్ దాన్ని అందుకుని మొదటి పేజీని వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూశాడు. రెండో పేజీ తిప్పి వెనక వైపు నిమిరాడు.

"చదువుతున్నారా?" అంది నర్సు.

"నీలం రంగు జరిగిందమ్మాయ్. ఈ గీత పక్కన నీడలా ఇంకో గీత కనిపిస్తోంది చూశావా? ఎవరు వేశారో గానీ తొందరపడ్డారు."

భార్య తల పట్టుకుంది. "తల్లీ, ఆయన ఎన్నో ఏళ్ళుగా కాగితాన్ని చూస్తున్నారే తప్ప చదవడం లేదు. నువ్వు నోటితో చెప్పు."

నర్సు కాగితాలు పక్కన పెట్టి మొదట్నుంచీ చెప్పుకొచ్చింది. ఒంటికి రంగునిచ్చే కణాలు చర్మమంతటా ఉంటాయి, గోరు పుట్టేచోటా ఉంటాయి. అవి అదుపు తప్పి పెరగడమే మెలనోమా. పైపైన ఉన్నంతకాలం కోసేస్తే పోతుంది. లోతుకి దిగేకొద్దీ రక్తంలోకీ గ్రంథుల్లోకీ దారులు దొరుకుతాయి. అందుకే దీన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు.

"ఎండలో తిరిగేవాళ్ళకి వస్తుందని ఎక్కడో విన్నాను. నాదంతా నీడపట్టు బతుకే కదమ్మా!" అన్నాడు బాబాయ్.

"ఎండ వల్ల వచ్చేది ఒక రకం. తెల్లచర్మం వాళ్ళలో అది ఎక్కువ. అరికాలు, అరచెయ్యి, గోటి అడుగు... అక్కడ వచ్చేది వేరే రకం. నల్లవాళ్ళకీ చామనఛాయవాళ్ళకీ మెలనోమా వస్తే చాలాసార్లు ఈ చోట్లలోనే వస్తుంది. దీనికీ ఎండకీ పెద్దగా సంబంధం కనిపించలేదు. ఎందుకొస్తుందో ఇంకా సరిగ్గా తెలీదు."

"సిరా వల్లా?"

"అలా అని ఎక్కడా తేలలేదు. సిరా ఒక పని చేసింది, దాన్ని మీకు కనపడనివ్వలేదు. మా దగ్గరికి ఈ రకంతో వచ్చేవాళ్ళలో చాలామంది ఆలస్యంగానే వస్తారు. కాలి కింద మచ్చని పుండనో, ఆనెకాయనో, దెబ్బ తగిలి రక్తం గడ్డకట్టిందనో అనుకుంటారు."

ఇక పరిశోధన సంగతి. ఈ జబ్బు మీద లోకంలో జరిగిన పరిశోధనలో ఎక్కువ భాగం ఎండ వల్ల వచ్చే రకం మీదే జరిగింది, ఎందుకంటే ఆ రోగులే ఎక్కువ. వాళ్ళ కోసం వచ్చిన కొత్త మందులు ఒంట్లో కాపలా కాసే కణాలకి ఉన్న కళ్ళేలు వదులు చేసి, కాన్సర్ మీదకి ఉసిగొలుపుతాయి. ఎండ రకంలో కణాలు బాగా చెదిరిపోయి పరాయివాటిలా కనిపిస్తాయి కాబట్టి కాపలావాళ్ళు గుర్తుపట్టడం తేలిక. గోటి రకం అంతగా చెదరదు, ఇంట్లో మనిషిలాగే కనిపిస్తుంది. అందుకే ఆ మందులు దీని మీద తక్కువమందికి పనిచేస్తున్నాయి. కాబట్టి దీనికి ఆపరేషనే ఇప్పటికీ మొదటి మాట. ఆ ఆపరేషన్ ఎంత పెద్దది కావాలన్నదే ఈ అధ్యయనంలో ప్రశ్న.

"పూర్వం నుంచీ కణుపు దాకా తీసేస్తున్నారు," అంది నర్సు. "అంత అవసరమా? జబ్బు ఎముక దాకా పోనివాళ్ళకి గోరూ, గోటి కింద మెత్తటి భాగమూ మొత్తం ఎముక మీద వరకూ తీసేసి, చేతి మీంచి చర్మం తెచ్చి కప్పితే సరిపోదా? వేలి పొడుగు అలాగే ఉంటుంది. కొన్నిచోట్ల కొద్దిమందికి చేసి చూశారు, బాగానే ఉందన్నారు. కొద్దిమందిని చూసి అందరికీ అదే అనలేం. అందుకని చాలా ఆసుపత్రులు కలిసి ఒకే పద్ధతిలో చేసి, కొన్నేళ్ళపాటు గమనిస్తాయి."

"చీటీలు వేస్తారా, ఎవరికి ఏదో?"

"కొన్ని పరిశోధనల్లో వేస్తారు. ఇందులో లేదు. చేరినవాళ్ళందరికీ వేలు ఉంచే ఆపరేషనే. చేరనివాళ్ళకి మామూలు పద్ధతి. చేరకపోయినా ఇదే డాక్టరు, ఇదే శ్రద్ధ. చేరాక మానేస్తానన్నా ఎవరూ ఎందుకని అడగరు."

బాబాయ్ బల్ల మీది కాగితాల అంచుని బొటనవేలితో విప్పి చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "మా దగ్గర ఏ పనైనా మొదలుపెట్టగానే కొన్ని షీట్లు ఊరికే తోలేస్తాం. రంగులు కుదిరేదాకా అవి చెత్తబుట్టకే. తర్వాత వచ్చేవి బాగుంటాయి. అవి బాగుండటానికి ఇవి పాడవ్వాలి. నన్ను ఆ వేస్ట్ షీటు చేస్తారా అమ్మాయ్?"

భార్య భర్త మోచేతి మీద చెయ్యి వేసింది. నర్సు వెంటనే కాదని తల అడ్డంగా ఊపలేదు. అది ఆయనకి నచ్చింది.

"కొంచెం అలాంటిదే," అంది. "మీ వల్ల తెలిసేది మీ తర్వాత వచ్చేవాళ్ళకే ఎక్కువ ఉపయోగం. కానీ వేస్ట్ షీటుని మీరు అడగరుగా. మేం అడుగుతున్నాం. ఇంకోటి, మీరు దాన్ని బుట్టలో పారేస్తారు. మిమ్మల్ని మేం మూడు నెలలకోసారి పిలిచి చూస్తూనే ఉంటాం. వేలు ఉంచడం వల్ల జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుందా అంటే, పెరగదని అనుకుంటున్నాం. ఖాయంగా తెలీదు. తెలిస్తే ఈ కాగితాలతో పనేముంది?"

ఇంటికొచ్చాక అసలు రభస మొదలైంది. భార్య తమ్ముడు బస్సు నడుపుతాడు. రోజంతా హారను మీద చెయ్యేసి బతికే మనిషి కావడం చేత మాట కూడా అదే స్థాయిలో ఉంటుంది.

"పరిశోధనా? బావా, నీకేమైనా మతిపోయిందా? పరిశోధనంటే ఎలుకల మీద చేసేది! రేపు నీకు తోక మొలిస్తే మా అక్క ఏం చేస్తుంది?"

"తోక మొలిస్తే కాగితాలు దానితో ఎగదోస్తాను. చేతులు ఖాళీగా ఉంటాయి."

"నవ్వులాటకి వేళా పాళా లేదా? ఎవరో ఒక అమ్మాయి నాలుగు తియ్యటి మాటలు చెబితే పడిపోవడమేనా?"

"ఆ అమ్మాయి తియ్యగా ఏమీ చెప్పలేదురా. తెలీదు తెలీదు అని పదిసార్లు అంది," అంది అక్క. "అదే నాకు భయం. తెలీనిదానికి ఈయన్ని ఎందుకు పంపాలి? కోసి పారెయ్యమనండి. వేలి ముక్క పోతే పోయింది, మనిషి ఉంటే చాలు."

బావమరిదికి ఈ మలుపు ఊహించనిది. తన పక్షం వాదించేవాళ్ళు దొరకగానే మెత్తబడ్డాడు. "అంతే. ఏం, బొటనవేలు లేకపోతే బతకరా? నా దగ్గర కండక్టరు ఒకాయనకి రెండు వేళ్ళు లేవు, టిక్కెట్లు ఎంత చకచకా చింపుతాడో!"

"టిక్కెట్టు చింపడానికీ, కాగితాల మధ్య గాలి ఆడించడానికీ చాలా తేడా ఉంది బామ్మర్దీ," అన్నాడు బాబాయ్. ఆ మాట గట్టిగా అనలేదు.

ఆ ఆలోచనలు మర్నాడు కూడా ఆయన్ని వదల్లేదు. వేలు పోతే తను యంత్రం దగ్గర ఉండడు. గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని పార్శిళ్ళు లెక్కపెడుతుంటాడు. వేలు ఉండి మనిషే పోతే భార్య ఒక్కర్తే బైండింగ్ బల్ల దగ్గర మడతలు పెడుతుంటుంది. ఈ రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి పడి, రంగులు జరిగిన అచ్చులా కళ్ళని లాగుతున్నాయి.

చివరికి ఇద్దరూ వంటగది బల్ల దగ్గర కూర్చుని ఆ కాగితాలు చదివారు. ఆమె పైకి చదివింది, ఆయన ఆపమన్నచోట ఆపింది. ఎముకకి సోకలేదని స్కాన్‌లో తేలినవాళ్ళనే చేర్చుకుంటారు. తీసిన ముక్క మొత్తాన్ని తర్వాత సూక్ష్మదర్శిని కింద పరీక్షిస్తారు. అడుగు అంచున జబ్బు కణాలు కనిపిస్తే కణుపు దాకా తియ్యక తప్పదు. ఆ వాక్యం ఆమె రెండుసార్లు చదివింది.

"అంటే ముందు చిన్నది చేసి చూస్తారు. చాలకపోతే పెద్దది చేస్తారు," అన్నాడు.

"రెండుసార్లు కోయించుకుంటారా?"

"ఒకసారితో పోతుందేమో."

"పోకపోతే?"

"పోకపోతే నువ్వు చెప్పినట్టే వేలు తీసెయ్యమంటాను. అప్పుడు నువ్వు 'నేను ముందే చెప్పాను' అనకూడదు."

"అంటాను," అంది ఆమె. "తప్పకుండా అంటాను. కానీ సంతకం పెట్టేటప్పుడు పక్కనుంటాను."

ఆసుపత్రిలో డాక్టర్ని ఆయన ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "మీ సొంత అన్నయ్యదైతే ఏం చేయించేవారు?"

డాక్టరు పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. "మా అన్నయ్య అడిగినా ఇదే చెబుతాను. మీ స్కాన్ ప్రకారం రెండూ చెయ్యొచ్చు. ఏది మేలో నాకు తెలీదు. తెలిసినట్టు నటించలేను."

బాబాయ్‌కి మొదట చిరాకేసింది. ఇంత చదువుకుని ఆ మాత్రం చెప్పలేడా అనుకున్నాడు. తర్వాత యజమాని గుర్తొచ్చాడు. గిరాకీదారు ఎవరొచ్చినా "రేపటికల్లా ఇచ్చేస్తాం" అని ఘంటాపథంగా చెప్పే మనిషి ఆయన. అలా చెప్పిన పనుల్లో సగం ఏమయ్యేవో బాబాయ్‌కి తెలుసు. సంతకం పెట్టాడు. ఎడం చేత్తో పెట్టబోయి, ఇంకా కుడి చెయ్యి ఉందిగా అని మార్చుకున్నాడు.

ఆపరేషన్ సాఫీగా జరిగింది. ముంజేతి లోపలి వైపు నుంచి చర్మం తీసి వేలికి కప్పారు. చంకలోంచి గ్రంథి తీశారు. కట్టు విప్పి చూసినప్పుడు వేలు వేలిలాగే ఉంది, గోరు ఒక్కటే లేదు. బావమరిది చూసి, "ఉడకబెట్టిన బంగాళాదుంపలా ఉంది" అన్నాడు. ఆ మాటలో బోలెడంత సంతోషం ఉంది.

ఫలితాలు చెప్పే రోజు నర్సు కూడా డాక్టరు గదిలోనే ఉంది. అది చూడగానే భార్యకి విషయం అర్థమైంది. గ్రంథి శుభ్రంగా ఉంది, అది మంచి కబురు. అయితే తీసిన ముక్క అడుగు అంచున, ఎముక మీద పొరని ఆనుకుని, జబ్బు కణాలు కనిపించాయి. స్కాన్‌కి అందనంత సన్నగా.

"కణుపు దాకా," అన్నాడు బాబాయ్, వాళ్ళకంటే ముందే.

"అవును," అన్నాడు డాక్టరు. "క్షమించండి."

"మీరెందుకు క్షమించమనడం? కాగితంలో రాసే ఉంది కదండీ. చదివాం."

ఇంత నిబ్బరంగా అన్నవాడు వసారాలోకి వచ్చాక బెంచీ మీద కూలబడి, కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడం చేత్తో ఆ కొత్త చర్మాన్ని తడుముతూ ఉండిపోయాడు. భార్య పక్కన కూర్చుంది. 'నేను ముందే చెప్పాను' అన్న మాట ఆవిడ అనలేదు. అంటానని మాటిచ్చింది కాబట్టి ఆయన దానికోసం కాసేపు చూశాడు కూడా.

"అనవేం?"

"ఇంటికెళ్ళాక అంటాను. ఇక్కడ జనం ఉన్నారు."

నర్సు వచ్చి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. అధ్యయనం నుంచి ఆయన్ని తీసెయ్యరని, ఆయనకి జరిగింది కూడా లెక్కలోకి వస్తుందని చెప్పింది. ఇంకొకటి అడగాలంది. ఆపరేషన్‌లో తీసిన ముక్కలోంచి కొంత ప్రయోగశాలలో దాచుకోవచ్చా అని. ఈ రకం కణాల లోపల ఏ మార్పులు జరుగుతాయో చూడటానికి కావలసినన్ని నమూనాలు లేవు. ఒప్పుకోకపోయినా ఏమీ తేడా ఉండదు.

"ఉంచుకోండి. నేను చేసుకునేదేముంది దాన్ని?" అన్నాడు బాబాయ్. "కానీ అందులో ఏం కనిపించిందో నాకు అర్థమయ్యేలా చెప్పాలి. చీమతలకాయంత అక్షరాల్లో కాకుండా."

"అది మీ ఒక్కరికే అని విడిగా చెప్పలేకపోవచ్చు. అందరి నమూనాలూ కలిపి చూస్తారు, దానికి ఏళ్ళు పడుతుంది. తేలినప్పుడు మాత్రం మామూలు మాటల్లో రాసి పంపుతాం."

"పంపు. నేనెక్కడికీ పోవడం లేదుగా," అన్నాడు. అన్నాక ఆ మాట తనకే వింతగా తోచింది.

కొత్త పళ్ళచక్రం ఎప్పుడో వచ్చి, యంత్రం తిరుగుతూనే ఉంది. రెండో ఆపరేషన్ అయి, కణుపు దాకా తీసిన వేలు మానాక బాబాయ్ వెళ్ళేసరికి గుమ్మం పక్కన కుర్చీ వేసి ఉంది. యజమాని మర్యాదగానే వేయించాడు. బాబాయ్ దాన్ని దాటుకుని లోపలికి వెళ్ళి కాగితాల దొంతర ఎత్తాడు. కుడి వైపు అంచు జారిపోయి షీట్లు నేలంతా పరుచుకున్నాయి. ఎవరూ పరుగెత్తుకు రాలేదు, అది వాళ్ళు చేసిన మంచిపని. భార్య మాత్రం బైండింగ్ బల్ల దగ్గర్నుంచే అంది: "ఆ చేతినే ఎందుకు నమ్ముకుంటారు? అంచు బల్లకి ఆనించి, ఎడం చేత్తో విప్పండి. మేం రోజూ చేసేది అదేగా."

అది బైండింగ్‌వాళ్ళ పద్ధతి. యంత్రం మనుషులు చూసి పెదవి విరిచే పద్ధతి. ఆయన పెదవి విరవకుండా నేర్చుకున్నాడు. వేగం తగ్గింది. ఎడం వేలికి ఇంకా కుడివేలి తెలివి రాలేదు. చెమ్మ పట్టిన కాగితాన్ని ఒక్కోసారి పోల్చుకోలేక, రెండేసి షీట్లు లోపలికి పోతుంటాయి. అప్పుడు యంత్రాన్ని ఆపి, తిట్టుకుని, మళ్ళీ మొదలుపెడతాడు. కుర్చీ మీద ప్రస్తుతం టీ ఫ్లాస్కు ఉంటోంది.

మూడు నెలలకోసారి ఆసుపత్రి. డాక్టరు చంకలు నొక్కి చూస్తాడు, మెడ చూస్తాడు, అరికాళ్ళ దాకా ఒళ్ళంతా మచ్చలు వెతుకుతాడు. మొన్నటిసారి కూడా ఏమీ లేదన్నాడు. నర్సు ఇంకో సంగతి చెప్పింది. స్కాన్‌లో బాగున్నట్టు కనిపించి, లోపల అలా లేనివాళ్ళు ఆయన కాక ఇంకొందరు తేలారట. అందుకని చేర్చుకునే ముందు ఇంకో రకం స్కాన్ కూడా చెయ్యాలా అని ఆసుపత్రులన్నీ మాట్లాడుకుంటున్నాయట. ఇంకా ఏమీ తేలలేదు.

బయటికొచ్చేసరికి వసారాలో ఒకావిడ కూర్చుని ఉంది. కాలికి మెత్తటి చెప్పు, మడమకి కట్టు. ఒళ్ళో అలాంటి కాగితాలే. ఆయన వేలి వంక చూసి, చూపు తిప్పుకుని, మళ్ళీ చూసింది.

"మీరూ ఇందులో చేరారా అన్నయ్యగారూ?"

"చేరానమ్మా. నాది వేలు ఉంచే ఆపరేషన్ మీద. మీది కాలా? అయితే ఇది కాదేమో, వేరే అధ్యయనం అయ్యుంటుంది."

"ఏదో మందట. ఆపరేషన్‌కి ముందు ఇచ్చి చూస్తారట. నాకేమీ తోచడం లేదు." కాసేపు తటపటాయించింది. "అడిగితే ఏమీ అనుకోకండి. వేలు ఉంచుతామనే చేర్చుకున్నారా మిమ్మల్ని?"

"అవును."

"మరి పోయిందిగా! చేరి ఏం లాభం?"

భార్య గొంతు సవరించుకుంది. బాబాయ్ మాత్రం నొచ్చుకోలేదు. ఈ ప్రశ్న ఆయన తనని తాను చాలాసార్లు వేసుకున్నదే. ఆవిడ పక్కన ఒక కుర్చీ వదిలి కూర్చున్నాడు.

"పోవలసిందే పోయింది. అది మొదటిరోజునే కోసేసి ఉంటే, 'అనవసరంగా కోశారేమో, ఉంచితే సరిపోయేదేమో' అని బతికున్నన్నాళ్ళూ కుమిలిపోయేవాణ్ణి. ఇప్పుడు ఆ బాధ లేదు. ఎందుకు తియ్యాల్సొచ్చిందో నాకు తెలుసు."

"ఎందుకు?"

"ఎముక మీద సన్నటి పొర ఒకటి ఉంటుందమ్మా. మన ఉల్లిపొరలాంటిది అనుకోండి. స్కాన్‌కి ఏమో అది..." ఎడం అరచేతిని బల్లలా పెట్టి, దాని మీద కుడిచేతి వేళ్ళని పొరల్లా పేర్చి చూపించసాగాడు.

గదిలోంచి నర్సు తొంగిచూసి ఆవిణ్ణి పిలిచింది. ఆవిడ లేవబోయి, చెప్పేది సగంలో ఆగిపోతుందని మొహమాటంగా మళ్ళీ కూర్చుంది.

"మీరు వెళ్ళండమ్మా," అంది భార్య సంచి భుజాన వేసుకుంటూ. "ఈయన మొదలుపెడితే ఇక ఆపరు. అసలు సంగతి ఆ అమ్మాయిని అడగండి. అర్థం కాకపోతే రెండోసారి అడగండి. మీ కాలు వేరు, ఈయన వేలు వేరు."

"అదీ నిజమే," అన్నాడు బాబాయ్ ఒప్పుకుంటూ. ఆవిడ గుమ్మం దాటుతుంటే మాత్రం ఉండబట్టలేక వెనకనుంచి అన్నాడు: "అంచు సంగతి అడగండి! అడుగు అంచు!"